నికాహ్‌కు ముందు ఒక రక్తపరీక్ష



మన శరీర కణాల్లో 46 క్రోమోజోములుంటాయి. అమ్మవి 23, అబ్బావి 23. పదకొండో జతలో నెత్తురుకు సంబంధించిన జన్యువొకటి ఉంది. ఒకవైపుది చెడినా రెండోది కాపాడుతుంది. మనిషికి ఆ సంగతే తెలియదు. అలాంటివాళ్లిద్దరికి పెళ్లయితే ప్రతి కాన్పులోనూ బిడ్డకు బీటా తలసీమియా వచ్చే అవకాశం నాలుగింట ఒక వంతు. ఒక బిడ్డకు వచ్చింది గదా, మిగతా ముగ్గురికీ రాదనుకోకండి. లెక్క ప్రతిసారీ మొదటికే వస్తుంది. జబ్బు ముదిరిన రకమైతే మూడు నాలుగు వారాలకోసారి రక్తం ఎక్కించాలి.

మామూ కూతురు, ఫుప్పూ కొడుకు సంబంధాల్లో ఒకే తాత లోపం ఇద్దరికీ దిగివుండవచ్చు. కోడలిని తిట్టిపోస్తారు, సగం కొడుకుదే! జహేజు జాబితాకున్న ఓపిక దీనికి లేదా? మాట ఖాయం చేయకముందే హెచ్‌బి ఏ2 పరీక్ష చేయించండి. ఇద్దరిలో ఒకరికి ఈ లోపం లేకపోతే పిల్లలకు ఆ పెద్ద జబ్బు రాదు.