పాత యింట బస



ఈ సాయంకాలము రచ్చబండల యొద్దను, వీధి యరుగుల మీదను కూర్చుండి వినుచున్న పెద్దలతో పాత యిండ్లను గూర్చి నాలుగు మాటలు చెప్పదలచితిని. నేను కృష్ణా మెట్టసీమలో జగ్గయ్యపేట చేరువనున్న చిల్లకల్లు వాడను. 2022లో మా ప్రాంతము ఎన్.టి.ఆర్. జిల్లాలో చేరినను, నోటి యలవాటున మాది కృష్ణా జిల్లా యనియే యందుము. 35 ఏండ్లు బడిలో తెలుగును సంస్కృతమును చెప్పి విరమించితిని. రాజభవనములతో నా పరిచయము కావ్యవర్ణనల వలన కలిగినదే. అట్టి నేను గడచిన శీతకాలమున హైదరాబాదు నందలి ఫలక్‌నుమా భవనములో రెండు రాత్రులు బస చేసితిని. నా యొద్ద చదివిన యొక శిష్యుడు గురుదక్షిణ యని పట్టుపట్టి, తానే సొమ్ము చెల్లించి, నన్ను పంపెను. ఒక్క రాత్రికి అచట నిచ్చు వెల పదుల వేలలో నుండును. అది వినినపుడు మొదట నా గుండె ఝల్లుమనినది. పోయి చూచిన పిదప, ఆ సొమ్ము ఏ పని చేయుచున్నదో తెలిసికొని, దానిని గూర్చి చాల దినములు ఆలోచించితిని. ఆ యాలోచననే మీ ముందుంచుచున్నాను.

బాటసారికి బస యిచ్చుట మనకు క్రొత్త గాదు. 17వ శతాబ్దమున గోలకొండకును మచిలీపట్నమునకును నడుమ వజ్రములు, వస్త్రములు మోసికొని వర్తకులు తిరిగిన బాట మన మెట్టసీమ మీదుగనే పోయెను. నేడును హైదరాబాదు – విజయవాడ రాజమార్గము మా యూరి ప్రక్కనే పోవుచున్నది. చిల్లకల్లు టోల్‌గేటు పేరు ఎరుగని లారీ నడుపువాడు ఈ దారిలో నుండడు. ఇట్టి మార్గములందు పూర్వము రెండు విధములైన బసలు గలవు. ఒకటి వెల పుచ్చుకొనునది, రెండవది పుచ్చుకొననిది. వినుకొండ వల్లభరాయని పేర నున్న క్రీడాభిరామమున, కాకతీయుల నాటి ఓరుగంటిలో ఒక రూక యిచ్చి భుజించు పూటకూటి యిల్లు వర్ణింపబడినది. ఇది మొదటి విధము. కోనసీమలోని లంకల గన్నవరమున డొక్కా సీతమ్మ గారు (1841 – 1909) వేళ యనక, కులమనక, వచ్చినవారి కెల్ల అన్నము పెట్టిరి. ఇది రెండవ విధము. సత్రములన్నియు ఈ రెండవ త్రోవ నడచినవే.

‘అతిథి’ యను మాటకు పెద్దలు చెప్పు వ్యుత్పత్తి మీరెరుగుదురు. వచ్చుటకు తిథి నియమము లేనివాడు అతిథి. ఆ లెక్కను ఫలక్‌నుమాలో నేను అతిథిని గాను. నా రాకకు తిథి నెల ముందే యేర్పడెను. సొమ్ము ముందే ముట్టెను. నా పేరు వారి పుస్తకమున కెక్కెను. అయినను ద్వారము చేరినంతనే గుఱ్ఱపుబండిలో నెక్కించుకొని పోయి, మెట్ల మీద గులాబిరేకులు జల్లి, ‘దయచేయుడు’ అని పిలిచిరి. నా పంచెను ఉత్తరీయమును చూచి ఎవ్వరును చిన్నచూపు చూడలేదు. వెల యిచ్చి పొందిన మర్యాదయైనను అందు కొరత లేకుండెను. వెలకు వచ్చిన మర్యాద యంతయు బూటకమని యనుకొనువారు ఈ సంగతి యాలోచింపవలెను.

ఇక నా భవనము కథ. ‘ఫలక్’ అనగా ఆకాశము. ‘నుమా’ అనగా చూపునది, పోలినది. చార్మినారుకు దక్షిణముగా, సుమారు రెండు క్రోసుల లోపు దూరమున, పాతబస్తీని ఆనుకొనిన యొక గుట్టపై నది యున్నది. ఆరవ నిజాము మహబూబ్ ఆలీఖానునకు బావమరది వరుసయై, తరువాత ఆ రాజ్యమునకు దివానుగా నుండిన వికారుల్ ఉమ్రా గారు 1884లో దానికి పునాది వేయించిరి. పని ముగియుటకు తొమ్మిది సంవత్సరములు పట్టెను. ఇటలీ నుండి పాలరాయి వచ్చెను. గాజు దీపగుచ్ఛములు సముద్రములు దాటి వచ్చెను. గ్రంథాలయపు పైకప్పును ఇంగ్లండు దేశపు విండ్సర్ కోట పద్ధతిని చెక్కించిరి. 101 మంది ఒక్క బంతిని కూర్చుండి భుజింపదగిన బల్ల యొకటి యచట నున్నది. ఇల్లు కట్టి చూడుము, పెండ్లి చేసి చూడుము అని మన పెద్దలు ఊరక యనలేదు. కట్టించిన ప్రభువే అప్పుల పాలయ్యెను. 1897 ప్రాంతమున ఆ భవనము నిజాము వశమై, ఆయన గొప్ప అతిథులకు విడిది యయ్యెను. తరువాత అయిదవ జార్జి చక్రవర్తియైన ఆంగ్ల యువరాజు 1906లో నచట దిగెను. 1951లో మన రాష్ట్రపతి రాజేంద్రప్రసాదు గారు దిగిరి. ఆ పిదప చాల కాలము ఆ తలుపులు మూతవడి యుండెను.

మూతవడిన యింటికి ఏమి గతి పట్టునో పల్లెవారికి చెప్పనక్కరలేదు. మొదట చెదలు, తరువాత గబ్బిలములు, ఆ తరువాత గోడలో రావి మొలక. 2000 సంవత్సరము ప్రాంతమున తాజ్ హోటళ్ళ వారు నిజాము వంశీయుల యొద్ద ఆ భవనమును కౌలునకు గొని, మరమ్మతులు ప్రారంభించిరి. ఆ వంశపు కోడలైన ఎస్రా గారు దగ్గర నుండి చూచుకొనిరి. కట్టుటకు తొమ్మిదేండ్లు పట్టిన భవనమును బాగుచేయుటకు దాదాపు పదేండ్లు పట్టెను! 2010 నవంబరులో ద్వారములు తెరచిరి. నేడు అందు అరువది బస గదులు గలవు. 2017లో దేశదేశముల ప్రతినిధులకు మన ప్రధానమంత్రి విందు చేసినది ఆ 101 పీటల బల్ల మీదనే.

సాయంకాలమున బసవారిని వెంటబెట్టుకొని గదిగది చూపి చరిత్ర చెప్పు ఏర్పాటు అచట గలదు. అందరు పైకి, దీపగుచ్ఛముల వంక చూచుచుండగా, నేను పంతులు బుద్ధి చొప్పున గోడమూలలు, పైకప్పు అంచులు చూచుచుంటిని. ఎచ్చటను చెమ్మ లేదు. మరునాడు ఉదయమున కొయ్యపని చేయువా డొకడు కిటికీ రెక్కకు మెరుగు పెట్టుచుండగా, “ఏమి నాయనా, దీనికి మరమ్మతు ఎన్నడు ముగియును?” అని యడిగితిని. అతడు నవ్వి, “ముగియదు పంతులుగారూ. ఈ కొస చేరునప్పటికి ఆ కొస మొదలు” అనెను.

ఆ యొక్క మాటలో నాకు తత్త్వము తెలిసినది. ఇంటిలో నిత్యముండువానికి చెమ్మ అలవాటగును. ‘ఈ వానకాలము గడవనీ’ యని వాయిదా వేయును. కుండ యొకటి కారుచోట బెట్టి ఊరకుండును. సొమ్ము ఇచ్చి వచ్చినవానికి కారుట అలవాటు కాదు. చుక్క పడిన వెంటనే పిలిచి చెప్పును. ఆ చెప్పుట వలన పనివాడు వచ్చును. వచ్చినవానికి కూలి, ఆ బసవా డిచ్చిన సొమ్ము నుండియే దొరకును. బసవాని కన్ను ఇంటికి కాపుదల. బసవాని రూక ఇంటికి ఔషధము.

ఇందుకు ఎదురు సాక్ష్యము ఆ నగరముననే గలదు. 1915లో నిజామత్ జంగు గారు కట్టించిన హిల్‌ఫోర్టు భవనము తరువాత నిజాము కుమారుని నివాసమై, 1955 మొదలు రిట్జు హోటలను పేర బసయిల్లుగా పెక్కేండ్లు పేరుపొందెను. ఆ హోటలు మూతవడెను. బసవా డొకడును రాకుండుటచే, వచ్చిన చెమ్మను చూచువాడు లేక, ఆ మేడ యేండ్ల తరబడి పాడుపడి యుండెను. రెండును రాజభవనములే, రెండును రాతికట్టడములే. ఒకదానిలో సాయంకాలము దీపము వెలిగినది, రెండవదానిలో వెలుగలేదు.

ఫలక్‌నుమా పద్ధతి నిర్దోషమని నే ననను. రెండవ దినమున తెల్లవారుజామున గుట్ట దిగి, రైలుస్టేషను వైపు ఇరుకు వీధులలో నడచితిని. అచట చిన్న యంగడిలో తేనీరు త్రాగుచు, అంగడివానిని పలుకరించితిని. ఆ గుట్ట క్రింద పుట్టి పెరిగిన యేబదియేండ్ల మనుష్యుడు. “పైకి ఎప్పుడైన పోయితివా?” యని యడిగితిని. “మా నాయన సున్నము వేయుటకు పోయినాడట. నేను గేటు వరకే” యని సహజముగా బదులు చెప్పి, నా గ్లాసు నింపెను. అతని మాటలో నిష్ఠూరము లేదు. కాని ఊరివాడు గడప దాటలేని యిల్లు ఎంత బాగుగ నిలిచినను, సగమే నిలిచినదని నా మనస్సున కనిపించినది. మన సత్రములలో పైకప్పు కారినను, ఆ గడప అందరికిని తెరచియుండెను. రెండు గుణములును ఒక్కచోట కూర్చుట యెట్లు అనునదియే మనకు ప్రశ్న.

ఇక మన యూళ్ళకు వత్తము. జగ్గయ్యపేటకు పూర్వనామము బేతవోలు. వాసిరెడ్డి వెంకటాద్రినాయుడు గారు తన తండ్రి పేర దానికి ఆ పేరిడిరి. ఆయన కాలముననే, 18వ శతాబ్దము చివర, అమరావతి పట్టణము లేచునపుడు ప్రాచీనస్తూపపు శిల్పములు అనేకములు ఊడదీయబడి, కొత్త కట్టడములకు రాళ్ళయి పోయెను. ఊడదీసిన వారికి అవి రాళ్ళు. మిగిలినవి నేడు చెన్నపట్టణపు మ్యూజియములోను, సముద్రముల కావల లండనులోను మందిరములలో నున్నవి. పాతదానిని విప్పునాడు దాని వెల ఎవ్వరికిని తెలియదు.

మన సీమ సున్నపురాతికి ప్రసిద్ధి. నేడు సిమెంటు కర్మాగారములు దానినే త్రవ్వుచున్నవి. మన తాతలు ఆ రాతినే కాల్చి, గానుగలో నూరి, మండువా యిండ్లు కట్టిరి. టేకు స్తంభములు, నగిషీ ద్వారబంధములు, గూనపెంకులు, వేసవిలో చల్లని సావిడి – ఇట్టివి ఇంకను మన యూళ్ళలో అచ్చటచ్చట గలవు. పిల్లలు పట్టణములలోను, విదేశములలోను నుందురు. ముసలివారు ఒక గదిలో, తక్కినవాటికి తాళములు. అప్పుడు కలప వర్తకుడు వచ్చును.

మా యింటికిని వచ్చెను. మా తాతగారు కట్టించిన యిల్లు, నలుగురము భాగస్వాములము. వర్తకుడు స్తంభములను వ్రేళ్ళతో తట్టి చూచి, వెల చెప్పెను. అతడు చెప్పినది కలపకు మాత్రమే. ఇంటికి ఆయన లెక్కలో వెల లేదు. మా తమ్ముని కుమారుడు అమ్ముదమనెను. అతని వాదము అన్యాయము గాదు. కూతురు పై చదువునకు సొమ్ము కావలయును. ఏటేట పెంకు తిరగవేయుటకు భాగము పంపుట అతనికి భారము. ‘పెదనాన్నా, మీరు ఇంటిని ప్రేమించుచున్నారు, నేను పిల్లను ప్రేమించుచున్నాను’ అని యతడన్నపుడు నా శాస్త్రములేవియు నాకు తోడు రాలేదు.

ఫలక్‌నుమా నుండి వచ్చిన పిదప నలుగురను కూర్చుండబెట్టి యిట్లు తీర్మానించుకొంటిమి. కలప వెలలో అతని భాగమెంతయో అంతయు నా పింఛను నుండి మూడేండ్ల వాయిదాలలో నే నిత్తును. వీధివైపు సావిడిని, రెండు గదులను బాగుచేసి బస కిత్తుము: బదిలీపై వచ్చిన ఉపాధ్యాయులకు, కర్మాగారపు పనికై వచ్చు గుమాస్తాలకు, ఊరి పెండ్లిండ్లకు వచ్చు మగపెండ్లివారికి. వచ్చిన అద్దె వేరు పుస్తకమున వ్రాసి, పైకప్పునకును గోడలకును తప్ప మరి దేనికిని ముట్టము. అరుగును మాత్రము ఎవ్వరికిని అద్దె కీయము, అది ఊరిది. దారిన పోవువాడు కూర్చుండవచ్చును, మంచినీరు త్రాగవచ్చును. మూడేండ్లలో ఇల్లు తన కప్పు ఖర్చు తాను సంపాదించుకొనజాలనిచో, వర్తకుని నేనే పిలిచెదనని మాట యిచ్చితిని. ఒక సంవత్సరము గడచినది. ఈ యేటి పెంకు ఖర్చులో మూడవ వంతు మాత్రమే అద్దె వలన వచ్చినది. ఇంకను రెండేండ్లున్నవి.

పెద్దలారా, మీ యూళ్ళలోను ఇట్టి యిండ్లు, పాడుపడిన సత్రములు ఉండును. అన్నిటిని నిలుపుట ఎవ్వరి వలనను కాదు; నిలుపవలెననియు నేను చెప్పను. కాని వర్తకుడు వచ్చిన దినమున ఆలోచించుట ఆలస్యము. ఇప్పుడే, పొడికాలముననే, ఒకసారి నిచ్చెన వేసి పెంకు చూడుడు. వాసముల చివరలు గోటితో గీచి చూడుడు. భాగస్వాములను పిలిచి, ఎవరి అవసర మేమియో దాపరికము లేక వినుడు. ఆ యింట ఎవరు దిగుదురు, వారు ఏమి యీయగలరు, ఆ వచ్చినది కప్పునకు చాలునా యని కాగితము మీద లెక్క వ్రాయుడు. లెక్క కుదిరినచో తాళము తీయుడు. కుదరనిచో, విప్పుటకు ముందు ఆ ద్వారబంధము నొక్కటియైనను బడికో గ్రంథాలయమునకో ఇప్పింపుడు. కట్టిన వడ్రంగి చేతిపని పిల్లల కంటబడును.

ఇంతటితో ముగించుచున్నాను. మా దారిని పోవునపుడు టోల్‌గేటు దాటి ఊరిలోనికి తిరిగినచో, మా యరుగు మీద మీకు చోటున్నది. దానికి తిథియు లేదు, వెలయు లేదు.