ఎద్దు ఎందుకు కుంటుతున్నది?



నల్లగొండ, మహబూబ్‌నగర్ చెలకల్లో తొలకరి పదునుకు ఎద్దు కుంటితే ఆ యేటి సేద్యమే వెనుకబడుతుంది. అట్లాగని కారణం చూడకముందే జబ్బకు వాతలు పెట్టకండి. గట్టి నేలమీద మెల్లగా నడిపించండి. గుర్రానికైనా, ఎద్దుకైనా నొప్పిగల ముందుకాలు మోపినప్పుడు తల పైకి లేస్తుంది. ఆ కాలి గిట్టను కడిగి చూడండి. ముల్లో, రాయో, లాడం మేకో కనబడవచ్చు.

నోట్లోనూ గిట్టల సందునా పొక్కులుంటే గాలికుంటు; పశువును వేరుగా కట్టండి. జబ్బగాని తొడగాని వాచి, నొక్కితే కరకర శబ్దం వచ్చి, ఒళ్లు కాలిపోతుంటే అది జబ్బవాపు. ఒకటి రెండు రోజుల్లో ప్రాణం తీస్తుంది. తెల్లవారనీ అనుకోక వెంటనే పశువైద్యునికి కబురు పంపండి.

ఈ రెంటికీ టీకాలున్నవి. జబ్బవాపు టీకా ఏటా వానలకు ముందే వేయించండి.