ప్రాక్సీ పాస్‌వర్డ్ కూడా వేలిముద్రే



జల్, జంగల్, జమీన్ గురించి మాట్లాడుకునే చోట ఇవాళ బ్రౌజర్ గురించి, ప్రాక్సీ గురించి మాట్లాడుతున్నాను. దీనికీ మన పోరాటానికీ ఏం సంబంధం అనుకోకండి. స్కాలర్‌షిప్ దరఖాస్తు, కుల ధ్రువీకరణ పత్రం, భూమి రికార్డు, ఉద్యోగ నోటిఫికేషన్ అన్నీ ఇంటర్నెట్‌లోకి పోయాయి. ఏజెన్సీ నుంచి పట్నం పోయి చదువుకుంటున్న మీలో చాలామందికి కాలేజీలో, హాస్టల్‌లో ఆ ఇంటర్నెట్ నేరుగా రాదు. ప్రాక్సీ గుండా వస్తుంది. తెరిస్తే చాలు యూజర్‌నేమ్, పాస్‌వర్డ్ అడుగుతుంది. కొందరు అక్కడే ఆగిపోతారు. కొందరు పక్క మంచం మీద ఉన్నవాళ్ల ఐడీ అడిగి వాడుకుంటారు. రెండూ మనకు నష్టమే.

ప్రాక్సీ అంటే ఏంటో మనకు వేరే ఎవరూ చెప్పక్కర్లేదు. ఫారెస్టు చెక్‌పోస్టు చూడని ఆదివాసీ లేడు. బండి ఆపుతారు, పేరు అడుగుతారు, ఎక్కడికి పోతున్నావో, ఎన్నింటికి దాటావో రిజిస్టర్‌లో రాస్తారు, గేటు ఎత్తుతారు. ప్రాక్సీ చేసే పని కూడా అదే. మీ బ్రౌజర్ అడిగిన ప్రతి పేజీ ముందు దాని దగ్గరికి పోతుంది. పేరు సరిపోతే బయటికి పంపిస్తుంది. సరిపోకపోతే 407 అనే నంబర్‌తో వెనక్కి కొడుతుంది. ఆ నంబర్ కనిపిస్తే నెట్ పాడైందని కాదు, మీ గుర్తింపు అందలేదని అర్థం.

ముందు పెట్టుకునే పద్ధతి చెప్తాను. కంప్యూటర్ ల్యాబ్ వాళ్లను నాలుగు అడగండి: ప్రాక్సీ అడ్రస్, పోర్ట్ నంబర్, మీ యూజర్‌నేమ్, మీ పాస్‌వర్డ్. పోర్ట్ నంబర్ ఎక్కువగా 3128 గానీ 8080 గానీ ఉంటుంది.

ఫైర్‌ఫాక్స్‌లో సెట్టింగ్స్‌కి పోయి, జనరల్ పేజీ అడుగున ఉన్న నెట్‌వర్క్ సెట్టింగ్స్ తెరవండి. మాన్యువల్ ప్రాక్సీ ఎంచుకుని, హెచ్‌టీటీపీ ప్రాక్సీ గడిలో అడ్రస్, పక్క గడిలో పోర్ట్ రాయండి. కింద హెచ్‌టీటీపీఎస్‌కి కూడా ఇదే వాడాలా అని ఒక టిక్ ఉంటుంది. అది పెట్టకపోతే సగం సైట్లు తెరుచుకోవు. అక్కడ పాస్‌వర్డ్ రాసే గడి లేదేంటని కంగారు పడొద్దు. మొదటి పేజీ తెరవగానే చిన్న కిటికీ వచ్చి అదే అడుగుతుంది.

విండోస్‌లో క్రోమ్ వాడితే ప్రాక్సీని బ్రౌజర్‌లో కాదు, కంప్యూటర్ నెట్‌వర్క్ సెట్టింగ్స్‌లో ప్రాక్సీ అన్న చోట పెట్టాలి. ఆండ్రాయిడ్ ఫోన్‌లో అయితే ఆ వైఫై పేరు వివరాల్లోకి పోయి ప్రాక్సీ దగ్గర మాన్యువల్ అని పెట్టాలి. ఫోన్‌లో బ్రౌజర్ పనిచేసినా కొన్ని యాప్‌లు పనిచేయవు. ఎందుకంటే పాస్‌వర్డ్ అడిగే ప్రాక్సీని అన్ని యాప్‌లూ లెక్కచేయవు. సెలవులకు ఊరికి పోయాక ల్యాప్‌టాప్‌లో నెట్ రావట్లేదంటే ముందు ఇదే చూడండి. కాలేజీ ప్రాక్సీ ఇంకా అలాగే ఉండి ఉంటుంది. నో ప్రాక్సీ అని మార్చండి, వచ్చేస్తుంది.

ఇంతవరకు పది నిమిషాల పని. ఇక అసలు విషయం.

చెక్‌పోస్టు వాళ్లకు ఏం కనిపిస్తుంది? తాళం గుర్తు ఉన్న సైట్లయితే, అంటే హెచ్‌టీటీపీఎస్ అయితే, పట్టా కప్పిన లారీ లాంటిది. ఏ సైటుకు పోయారు, ఎప్పుడు పోయారు, ఎంత లోడు దాటింది అన్నది రిజిస్టర్‌లో పడుతుంది. లోపల ఏం రాశారో, ఏం చదివారో కనిపించదు. తాళం లేని సైటైతే అంతా బయటే. ఇక్కడొక మాట గట్టిగా పట్టుకోండి. ఎవరైనా మీ సొంత ఫోన్‌లో ఒక సర్టిఫికెట్ వేసుకోమంటే ఆగి అడగండి. ప్రాక్సీ తరఫు రూట్ సర్టిఫికెట్ వేసుకోవడమంటే ఆ పట్టా ఎత్తి చూసే అధికారం మీ చేతులతో మీరే ఇవ్వడం. బ్యాంకు పాస్‌వర్డ్ దాకా చదవొచ్చు. అలాంటి పనులకు మీ మొబైల్ డేటా వాడుకోండి.

ప్రాక్సీకి ఇచ్చే పాస్‌వర్డ్ కూడా చాలాచోట్ల బేసిక్ అనే పాత పద్ధతిలో పోతుంది. అది దాచిపెట్టడం కాదు, అక్షరాల రూపం మార్చడం మాత్రమే. అదే వైఫైలో కూర్చుని తెలిసినవాడు వింటే విప్పేస్తాడు. అందుకే ప్రాక్సీ పాస్‌వర్డ్ వేరు, మెయిల్ పాస్‌వర్డ్ వేరు, బ్యాంకుది వేరు పెట్టుకోండి. ఉచిత ప్రాక్సీ అని నెట్‌లో దొరికేవాటి జోలికి అసలు పోవద్దు. ఆ చెక్‌పోస్టు ఎవరిదో కూడా మనకు తెలియదు.

ఇప్పుడు పక్క మంచం ఐడీ సంగతి. ఒక్క ఐడీని గదిలో ఆరుగురు వాడితే రిజిస్టర్‌లో ఒక్క పేరే పడుతుంది. చూసింది ఎవరైనా, పోస్టు పెట్టింది ఎవరైనా, రేపు పిలిచి అడిగేది ఆ పేరున్న మనిషినే. ఆదివాసీ పిల్లలంటేనే అనుమానంగా చూసేవాళ్లు ఉన్న చోట, నేను కాదు సార్ అంటే ఎవరు వింటారు? కాగితంలో ఏముందో తెలియకుండా తాతలు వేసిన వేలిముద్రలు షావుకార్ల చేతిలో ఏమయ్యాయో మనకు తెలుసు. భూములు పోయాక వాటిని కాపాడుకోవడానికి 1/70 చట్టం కావాల్సి వచ్చింది. పాస్‌వర్డ్ కూడా వేలిముద్రే. స్నేహం కొద్దీ అడిగినా అప్పు ఇవ్వొద్దు. మీరూ అడగొద్దు. లేనివాళ్లకు ఐడీ ఇప్పించమని అందరూ కలిసి వార్డెన్ దగ్గరికి పోండి.

మొదట ఇచ్చిన పాస్‌వర్డ్ రోల్ నంబరో, పుట్టిన తేదీయో అయితే ఆ రోజే మార్చమనండి. పదిమంది వాడే ల్యాబ్ కంప్యూటర్‌లో పాస్‌వర్డ్ సేవ్ చేయొద్దు. పని అయ్యాక ఒక్క ట్యాబ్ మూస్తే చాలదు, బ్రౌజర్ మొత్తం మూసేయండి. లేకపోతే తర్వాత కూర్చున్నవాళ్లు మీ పేరు మీదే తిరుగుతారు.

ఆ రిజిస్టర్ ఎన్ని రోజులు ఉంచుతారు, ఎవరు చూస్తారు, ఎవరికి ఇస్తారు? ఇవి అడిగే హక్కు మనకుంది. గోప్యత ప్రాథమిక హక్కు అని 2017 ఆగస్టు 24న సుప్రీంకోర్టు తొమ్మిదిమంది న్యాయమూర్తుల ధర్మాసనం తేల్చి చెప్పింది. ప్రభుత్వ కాలేజీ అయితే 2005 సమాచార హక్కు చట్టం కింద ఈ నియమాల నకలు అడగండి. 30 రోజుల్లో జవాబు ఇవ్వాలి. తెలుగులో రాసినా చెల్లుతుంది.

చివరగా సంఘం ఆఫీసుల్లో పనిచేసే కార్యకర్తలకు ఒక మాట. పోడు పట్టాల దరఖాస్తులు, అటవీ హక్కుల క్లెయిములు ఎక్కించడానికి ఒకే కనెక్షన్ మీద నలుగురైదుగురు పనిచేస్తుంటారు. స్క్విడ్ అనే ఉచిత సాఫ్ట్‌వేర్‌తో ఒక పాత కంప్యూటర్‌నే ప్రాక్సీగా పెట్టుకుని, ఒక్కొక్కరికి ఒక్కో పాస్‌వర్డ్ ఇవ్వొచ్చు. కానీ ఆ రోజు నుంచి చెక్‌పోస్టు మనదే, రిజిస్టరూ మన చేతిలోనే. అందుకని దాన్ని ఎవరు తెరవొచ్చు, ఎన్నాళ్లకు చెరిపేయాలి అన్నది అందరినీ కూర్చోబెట్టి తీర్మానం రాసుకున్నాకే మొదలుపెట్టండి. మనం కాలేజీ వాళ్లను అడిగే ప్రశ్నలకు మన దగ్గర కూడా జవాబు ఉండాలి.

జై ఆదివాసీ!