కుబుసం విడిచే సాలీడు



ఒక ఇంట్లో కోడలు అటక దులుపుతోంది అనుకోండి. మూల నుంచి పెద్ద సాలీడు ఒకటి రాలి పడింది. ఎనిమిది కాళ్ళూ ఉన్నాయి. కదలడం లేదు.

"అత్తా, సాలీడు సచ్చిపోనాది" అంది కోడలు.

అత్త దాన్ని వేలితో నొక్కి చూసింది. లోపల ఏమీ లేదు. ఉల్లిపొరలా నలిగిపోయింది.

"సావనేదమ్మా. ఇది దాని పొర. పాములాగే ఇదీ కుబుసం ఇడిసింది" అంది అత్త.

అత్త మాట నిజం. ఆ సాలీడు చావలేదు. పెరిగింది. పాత పొర అక్కడ వదిలేసి వెళ్ళింది.

ఎందుకు విడుస్తుంది?

మనకి ఎముకలు లోపల ఉంటాయి. పైన చర్మం ఉంటుంది. మనతో పాటు చర్మమూ పెరుగుతుంది. సాలీడుకి లోపల ఎముకలు లేవు. ఒంటి మీద గట్టి పెంకు ఉంటుంది. ఆ పెంకు సాగదు. పిల్లకి కుట్టించిన గౌను ఏడాదికి బిగిసిపోతుంది కదా! అప్పుడు కొత్తది కుట్టిస్తాం. సాలీడు తన కొత్త గౌను తానే తయారు చేసుకుంటుంది. పాత పెంకు కిందే కొత్త పొర పుడుతుంది.

రొయ్య, పీత కూడా ఇలాగే పెరుగుతాయి. భోగాపురం, పూసపాటిరేగ తీరంలో పీతలు అమ్మే అమ్మలకి ఇది తెలిసిన సంగతే. ఒక్కోసారి పీత ఒళ్ళు మెత్తగా ఉంటుంది. అది జబ్బు కాదు. పాత పెంకు విడిచింది. కొత్తది ఇంకా గట్టిపడలేదు. అంతే.

ఎలా విడుస్తుంది?

సాలీళ్ళలో చాలా పెద్దవి ఉన్నాయి. వాటిని టరాంటులాలు అంటారు. ఒంటి నిండా బొచ్చు ఉంటుంది. కొన్ని మన అరచేయంత ఉంటాయి. మన తూర్పు కనుమల అడవుల్లో కూడా ఉన్నాయి. చాలా దేశాల్లో వీటిని గాజు పెట్టెల్లో పెట్టి పెంచుతారు. అలా పెంచేవాళ్ళు రోజూ చూసి చాలా విషయాలు తెలుసుకున్నారు.

కుబుసం విడిచే ముందు సాలీడు తిండి మానేస్తుంది. ఒళ్ళు నల్లబడుతుంది. దారంతో చాప లాంటిది అల్లుకుంటుంది. దాని మీద వెల్లకిలా పడుకుంటుంది. కాళ్ళు పైకి ఉంటాయి. చూసినవాళ్ళు చచ్చిపోయింది అనుకుంటారు. కాని లోపల పెద్ద పని జరుగుతూ ఉంటుంది. దాని ఒంట్లో నెత్తురు లాంటి నీరు ఉంటుంది. పొట్టలోని ఆ నీటిని సాలీడు ముందు భాగంలోకి నెడుతుంది. ఆ ఒత్తిడికి వీపు మీది పెంకు డబ్బా మూతలా లేస్తుంది. తర్వాత ఒక్కో కాలూ మెల్లగా లాక్కుంటుంది. మేజోడు లోంచి కాలు తీసినట్టే. చిన్నదానికి కొద్దిసేపు చాలు. పెద్దదానికి గంటల కొద్దీ పడుతుంది.

బయటికి వచ్చిన సాలీడు పాలిపోయి ఉంటుంది. ఒళ్ళంతా మెత్తన. కోరలు కూడా తెల్లగా, మెత్తగా ఉంటాయి. కరవలేదు, తినలేదు. అప్పుడు దాని దగ్గర ఒక చిన్న మిడత వదిలినా ప్రమాదమే. మిడతే దాన్ని కొరికేస్తుంది. అందుకే తెలిసినవాళ్ళు ఆ రోజుల్లో దాన్ని ముట్టుకోరు. మేత వెయ్యరు. గిన్నెలో నీళ్ళు మాత్రం ఉంచుతారు. కోరలు నల్లబడ్డాకే మేత వేస్తారు.

ఇంకో వింత ఉంది. సాలీడుకి కాలు ఊడిపోతే మళ్ళీ వస్తుంది. కుబుసం విడిచినప్పుడు చిన్న కాలు కనిపిస్తుంది. తర్వాతి కుబుసాలతో అది పెద్దదవుతుంది.

ఆడదీ, మగదీ

పిల్ల సాలీడు నెలకో, రెండు నెలలకో ఒకసారి కుబుసం విడుస్తుంది. పెద్దయ్యే కొద్దీ ఎడం పెరుగుతుంది. మగ టరాంటులా ఈడుకి వచ్చాక ఇక కుబుసం విడవదు. చాలావరకు ఒకటి రెండేళ్ళలో చచ్చిపోతుంది. ఆడది అలా కాదు. ఈడుకి వచ్చాక కూడా కుబుసం విడుస్తూనే ఉంటుంది. పదేళ్ళకి పైగా బతుకుతుంది.

గుత్తి సాలీడు

మన ఆంధ్రలోనే పుట్టిన టరాంటులా ఒకటి ఉంది. పేరు గుత్తి సాలీడు. రంగు నీలం. నెమలి మెడలా మెరుస్తుంది. పిల్లప్పుడు అంత నీలం ఉండదు. కుబుసం విడిచిన కొద్దీ రంగు తేలుతుంది.

అనంతపురం జిల్లా గుత్తిలో, రైలు కలప నిలవ చేసేచోట ఇది దొరికింది. 1899లో పోకాక్ అనే ఇంగ్లండు శాస్త్రవేత్త దీని గురించి రాశాడు. కాని దీని ఇల్లు గుత్తి కాదు. నంద్యాలకీ, గిద్దలూరుకీ మధ్య ఉన్న అడవి. కలపతో పాటు రైల్లో వచ్చి ఉంటుంది అంటారు.

ఇది పాత చెట్ల తొర్రల్లో ఉంటుంది. చెట్టు కొట్టేస్తే దీని ఇల్లు పోతుంది. అందం చూసి దీన్ని పట్టి, పై దేశాలకి దొంగతనంగా అమ్మేవాళ్ళూ ఉన్నారు. ఇది ఉండే అడవి 100 చదరపు కిలోమీటర్లు కూడా లేదు. పూర్తిగా అంతరించిపోయే ప్రమాదం ఉన్న జీవి అని 2008లో ప్రకటించారు. 2019లో ప్రపంచ దేశాలు ఒక మాట మీదికి వచ్చాయి. ఈ జాతి సాలీళ్ళని అనుమతి లేకుండా దేశం దాటించకూడదు అన్నాయి.

మనం ఏం చెయ్యాలి?

అడవిలో పెద్ద బొచ్చు సాలీడు కనిపిస్తే చెయ్యి పెట్టకండి. దాని దారిన దాన్ని పోనివ్వండి. కరిస్తే బాగా నొప్పి పుడుతుంది. కండరాలు పట్టేస్తాయి. అప్పుడు మంత్రం వేయిస్తూ కూచోవద్దు. ఆసుపత్రికి వెళ్ళండి.

మన ఇళ్ళలో గోడల మీద తిరిగే సాలీడు వేరు. అది బొద్దింకల్ని తింటుంది. మనకి మేలే చేస్తుంది. ఏ సాలీడైనా కదలకుండా వేలాడుతూ కనిపిస్తే చచ్చిపోయింది అనుకోకండి. కుబుసం విడుస్తూ ఉండవచ్చు. చీపురు ఎత్తే ముందు ఒక్కసారి ఆగి చూడండి. ఆ పూటకి ఆ మూల వదిలేసి, మిగిలిన ఇల్లు తుడుచుకోండి.