లెక్క ఆపకండి

పట్టాలు అందుకున్న మీ అందరికీ అభినందనలు. ఇక నేరుగా విషయంలోకి వస్తాను.

నేను కీటక శాస్త్రం చదువుకున్నాను. ఉద్యోగంలో మొదటి సగం పత్తి పురుగులతో గడిచింది, రెండో సగం మలేరియా దోమలతో. ఒకటి పంట సమస్య, ఇంకొకటి ప్రాణాల సమస్య అనుకుంటారు చాలామంది. రెండూ ప్రాణాల సమస్యలేనని నాకు 1987లోనే తెలిసింది.

ఆ ఏడాది గుంటూరు, ప్రకాశం జిల్లాల్లో పత్తి వేసినవాళ్ళు దాన్ని మర్చిపోలేరు. సింథటిక్ పైరిథ్రాయిడ్ మందులు వచ్చి అప్పటికి కొన్నేళ్ళే. మొదట్లో సైపర్‌మెత్రిన్, ఫెన్‌వలరేట్ కొడితే పురుగు రాలిపడేది. రైతు కళ్ళారా చూశాడు, నమ్మాడు, మళ్ళీ మళ్ళీ కొట్టాడు. దాంతో మిత్ర పురుగులు చచ్చాయి, తెల్లదోమ విజృంభించింది, శనగపచ్చ పురుగు మందుకు లొంగడం మానేసింది. ఒక రైతు మా పరిశోధన కేంద్రానికి హార్లిక్స్ సీసా పట్టుకొచ్చాడు. మూతకి మేకుతో బెజ్జాలు పెట్టాడు. లోపల సగం కొరికిన కాయ, దాని మీద వేలంత పురుగు, వీపు మీద ఇంకా ఆరని మందు తడి. "నీళ్ళు కలపకుండా పోశానండీ, చూడండి, తింటానే ఉంది" అన్నాడు. నేను అప్పుడు కుర్రవాణ్ణి. ఆయన నా నుంచి ఆశించిన జవాబు నా దగ్గర లేదు, మా పెద్దల దగ్గరా లేదు. ఆ సీజన్‌లో అప్పుల్లో కూరుకుపోయిన రైతులు ఆత్మహత్యలు చేసుకున్నారు.

మందు పనిచేసిన ఆ మొదటి ఏళ్ళలోనే ఊరూరా పురుగుల్ని పట్టి, కొలిచిన మోతాదు వీపు మీద చుక్క వేసి, ఎన్ని చచ్చాయో ఎన్ని బతికాయో ఏటా లెక్క రాసి ఉంటే? బతికేవాటి సంఖ్య పెరగడం ముందే కనబడేది. కానీ మందు బాగా పనిచేస్తున్నప్పుడు ఆ లెక్కతో ఎవరికి పని?

దోమల దగ్గరికి వెళ్ళాక ఇదే కథ ఇంకా పెద్ద అక్షరాలతో కనిపించింది. స్వాతంత్ర్యం వచ్చిన కొత్తలో మన దేశంలో ఏటా ఏడున్నర కోట్ల మందికి మలేరియా వచ్చేదని అంచనా. 1953లో జాతీయ నియంత్రణ కార్యక్రమం మొదలైంది, ఇళ్ళ గోడలకు డీడీటీ కొట్టారు. 1958లో ఏకంగా నిర్మూలన కార్యక్రమమే చేపట్టారు. అరవైల మధ్యకి కేసులు లక్షకి పడిపోయాయి. ప్రపంచం మెచ్చుకుంది. ఆ తర్వాత ఏమైంది? నిఘా సడలింది, డీడీటీ సరఫరా కుంటుపడింది, దోమ డీడీటీకి అలవాటుపడింది. 1976లో కేసులు 64 లక్షలు దాటాయి. లక్ష నుంచి 64 లక్షలకు, పదేళ్ళ తేడాలో!

పత్తి పురుగుకీ మలేరియా దోమకీ పోలిక పైపైది కాదు. నరంలో సంకేతం సాగాలంటే సోడియం అయాన్లు ఒక ప్రోటీన్ ద్వారం గుండా లోపలికి రావాలి. డీడీటీ, పైరిథ్రాయిడ్లు రెండూ ఆ ద్వారాన్ని మూసుకోనివ్వవు, కీటకం గిలగిల కొట్టుకుని చస్తుంది. ఆ ప్రోటీన్‌లో 1014వ స్థానంలో ల్యూసిన్ పోయి ఫినైల్ అలనిన్ వచ్చిందంటే మందు సరిగా పట్టదు. ఈ మార్పును మొదట ఇంట్లో తిరిగే ఈగలో గుర్తించారు. తర్వాత అనాఫిలస్ దోమలో, క్యాబేజీని తినే డైమండ్ బ్యాక్ పురుగులో, పేనుబంకలో అదే చోట అదే మార్పు కనబడింది. చేనులో కొట్టిన మందు పక్క కాలువలో ఉన్న దోమ పిల్లకీ తగులుతుంది. మన దోమతెరలకు పూసేది కూడా పైరిథ్రాయిడే. వ్యవసాయం వాళ్ళు, ఆరోగ్యం వాళ్ళు ఒకే బల్ల దగ్గర కూర్చోవాలని నేను ఏళ్ళ తరబడి పోరుతున్నది ఇందుకే.

ఏజెన్సీ గ్రామాల్లో ఒక ఇన్‌సెక్ట్ కలెక్టర్‌తో కలిసి తిరిగాను. ఆయనకు పెద్ద చదువులు లేవు. తెల్లారకముందే టార్చి, గాజు గొట్టం పట్టుకుని పశువుల కొట్టాల్లోకి వెళ్ళేవారు. గోడ మీద తోక పైకెత్తి ఏటవాలుగా కూర్చున్నది అనాఫిలస్, ఒళ్ళు గోడకి సమంగా వంచి కూర్చున్నది వేరే దోమ. గొట్టం ఒక కొస నోట్లో పెట్టుకుని, రెక్క నలక్కుండా దోమను లోపలికి పీల్చేవారు. తేదీ, ఇల్లు, జాతి, రక్తం తాగిందా, గుడ్లతో ఉందా అన్నీ నోటు పుస్తకంలో ఎక్కేవి. ఆ దోమల్ని మందు పూసిన కాగితమున్న గొట్టంలో గంటసేపు ఉంచి, 24 గంటల తర్వాత చచ్చినవాటిని లెక్కపెట్టేవాళ్ళం. నూటికి 98 చస్తే మందు పనిచేస్తున్నట్టు, 90 కూడా చావకపోతే దోమ మందుని ఓడించినట్టు. దోమ ఎటు పోతోందో ఆయన పుస్తకంలో నేను ఏటికేడు చూశాను. ఆయన పదవీ విరమణ చేశాక ఆ పోస్టులోకి ఎవర్నీ తీసుకోలేదు. అడిగితే, అక్కడ కేసులు తగ్గాయిగా అన్నారు. కేసులు తగ్గినచోటే ఆ మనిషి ఉండాలి!

పత్తిలో మళ్ళీ అదే చేశాం. 2002లో, తనను తినే పురుగును తనే చంపేలా జన్యువు చేర్చిన బీటీ పత్తికి అనుమతి వచ్చింది. 450 గ్రాముల బీటీ విత్తనాలతో పాటు 120 గ్రాముల నాన్ బీటీ ప్యాకెట్ ఇచ్చేవారు, పొలం చుట్టూ వెయ్యమని. ఆ వరసల్లో పెరిగిన మామూలు పురుగులు, బీటీని తట్టుకుని బతికిన పురుగులతో జతకట్టాలి, నిరోధక శక్తి పలచబడాలి. చాలామంది ఆ ప్యాకెట్‌ని గట్టున పడేశారు. రైతుని అనకండి. అదెందుకో ఆయన భాషలో చెప్పాల్సింది మనం. పంటను ఫిబ్రవరి, మార్చి దాకా చేలో ఉంచి గులాబీ రంగు పురుగుకి నెలల తరబడి అదనంగా తిండి కూడా పెట్టాం. 2010లో గుజరాత్‌లో ఆ పురుగు మొదటి బీటీని జయించినట్టు తేలింది, తర్వాత కొన్నేళ్ళకే రెండు జన్యువుల బోల్‌గార్డ్ 2ని కూడా.

అదే పురుగు, అదే బీటీ. అమెరికాలోని అరిజోనాలో మాత్రం నాన్ బీటీ వరసలు పట్టుబట్టి వేయించారు, ఏటా పొలాల నుంచి పురుగులు తెచ్చి పరీక్షించారు, 2006 నుంచి వంధ్యం చేసిన రెక్కల పురుగుల్ని విమానాల్లోంచి వదిలారు. 2018లో అమెరికా పత్తి చేలలో గులాబీ రంగు పురుగు లేదని ప్రకటించారు.

ఇక మీ మీద ఉన్న కోపం చెప్పనివ్వండి. పరిశోధన చేస్తామని నా దగ్గరికి వచ్చే పిల్లలు సీక్వెన్సింగ్ అంటే కళ్ళు పెద్దవి చేస్తారు, సర్వే అంటే మొహం చిన్నబుచ్చుకుంటారు. అమ్మా, నాయనా, మీరు సీక్వెన్స్ చేసే ఆ దోమ మీ ల్యాబ్‌కి ఎలా వచ్చింది? ఎవరో చీకట్లో లేచి పట్టి తెస్తే వచ్చింది. గులాబీ రంగు పురుగు పట్టిన పువ్వు విచ్చుకోదు, రేకులు ముడుచుకుని ఉండిపోతుంది. రైతులు గుడ్డి పువ్వు అంటారు. పత్తి మీద పీహెచ్‌డీ చేసి, గుడ్డి పువ్వుని ఒక్కసారైనా వేళ్ళతో విప్పి చూడనివాళ్ళు నాకు తెలుసు. వాళ్ళు తెలివైనవాళ్ళు, కష్టపడేవాళ్ళు కూడా. అయినా నాకు దిగులుగా ఉంటుంది. జన్యుశాస్త్రం వదలమనడం లేదు. 1014వ స్థానం సంగతి చెప్పింది ఆ శాస్త్రమే. కానీ ఆ మార్పు మన మండలంలో ఈ ఏడాది ఎన్ని దోమల్లో ఉందో ఎవరు చెప్పాలి? పొలం గట్టున నిలబడే కీటక శాస్త్రవేత్తే చెప్పాలి.

వేదిక మీద ఉన్న పెద్దలకూ ఒక విన్నపం. ఏటేటా ఒకే ఊళ్ళో ఒకే పురుగుని పరీక్షించే విద్యార్థిని "ఇందులో కొత్తేముంది?" అని అడగకండి. ఆ పనికి డిగ్రీ ఇవ్వండి, నిధులు ఇవ్వండి, ప్రమోషన్ ఇవ్వండి.

2015లో మన దేశంలో 11 లక్షలు దాటిన మలేరియా కేసులు 2023కి రెండు లక్షల చిల్లరకు తగ్గాయి. 2030కి నిర్మూలించాలన్నది లక్ష్యం. ఈ తగ్గుదల ఎంతోమంది కష్టఫలం. అరవైల్లో మన పెద్దలు నిలబడినచోటే ఇప్పుడు మీరు నిలబడ్డారు. కేసులు తగ్గిన ఊళ్ళలో, పురుగు ఉధృతి లేని చేలలో పని దొరికితే వద్దనకండి. మీలో కొందరైనా ఆ ఉద్యోగాల్లో చేరండి. చేరినవాళ్ళు లెక్క ఆపకండి.