యంత్రవిద్యకు తొలి పాఠ్యగ్రంథం – పాత కారు

(ప్లాటినం జూబిలీ ఉత్సవాలలో తల్లిదండ్రుల, పూర్వ విద్యార్థుల సదస్సున చేసిన ప్రసంగ పాఠం)



ముంబయి నగరానికి తెలుగువారు వచ్చినది చేతిపనిని నమ్ముకొని. పాలమూరు, కరీంనగర్, నల్లగొండ ప్రాంతాల నుండి తరలివచ్చిన కుటుంబాలలో కొన్ని కట్టడపు పనులలోను, కొన్ని బట్టల మిల్లులలోను జీవితాన్ని నిలబెట్టుకొన్నాయి. 1982 జనవరిలో ఆరంభమైన మిల్లు కార్మికుల సమ్మె తరువాత ఎందరికో ఆ మిల్లు తలుపులు మరల తెరుచుకోలేదు. ఉద్యోగం పోయినా చేతిలో పనితనం ఉన్నవాడు మరొక దారి వెదుకుకొన్నాడు. ఆ సంగతి ఈ సభలోని పెద్దలకు వేరుగా చెప్పనక్కరలేదు. అయినను, అదే కుటుంబంలోని పిల్లవాడు పదవ తరగతి ముగించి మోటారు మరమ్మతు నేర్చుకొంటానన్నపుడు తల్లి ముఖం చిన్నబోతుంది. “ఇంత చదివినది మసి పూసుకొనుటకా?” అని తండ్రి ప్రశ్నిస్తాడు.

మరమ్మతు కూడా చదువే. గాలి, ఇంధనం, నిప్పురవ్వ కలిసి ఇంజనును తిప్పే విధానం, పొడవైన పానాతో తక్కువ బలానికే మర వదులు కావడం – ఇవన్నీ భౌతికశాస్త్ర పాఠాలే. ప్రతి చదువుకు ఒక తొలి పుస్తకం ఉన్నట్లే, ఈ విద్యకు ఒక పాత కారు తొలి పుస్తకం కాగలదు. అయితే అక్షరాలు దిద్దే పిల్లవానికి చినిగిన పుస్తకం ఇవ్వరాదు.

ఇక్కడనే పలువురు పొరపడుతున్నారు. చవకగా దొరికినదని తుప్పుపట్టి కదలని కారును కొని తెస్తారు. ఒకే సమయంలో పది లోపాలున్న యంత్రంలో ఏ లోపానికి ఏది కారణమో అనుభవజ్ఞుడే తేల్చుకోలేడు. అభ్యాసకుడు ఎట్లు తేల్చగలడు? కొన్ని మాసాలలో డబ్బు, ఉత్సాహం రెండూ అడుగంటుతాయి. కనుక తొలి నియమం ఇది: నేర్చుకొనే కారు నడుస్తూ ఉండాలి, భాగాలన్నీ పూర్తిగా ఉండాలి, నిర్మాణం సరళంగా ఉండాలి.

ముంబయివారి మనసు ముందుగా పద్మినిపైకి పోవడం సహజం. కుర్లాలో తయారై, దశాబ్దాలపాటు నగరపు టాక్సీగా తిరిగిన ఆ బండి 2023 అక్టోబరు 30తో ఆ సేవ నుండి వైదొలగింది. ముందు ఇంజను, వెనుక చక్రాలకు చోదనం గల దాని అమరిక కంటికి స్పష్టంగా కనిపించి పాఠం చెప్పుటకు అనువైనదే; కాని విడిభాగాల వేట అభ్యాసకుని కాలాన్ని హరిస్తుంది. 2014లో తయారీ ఆగిన అంబాసిడరు దృఢమైనది. అయితే దాని పాత నమూనాలకు అంగుళాల కొలత పానాలు వేరుగా కావలసివస్తాయి.

ఈ దృష్టితో చూచినపుడు మారుతి 800 మేలైన ఎంపిక. 1983 డిసెంబరు నుండి 2014 వరకు తయారైన ఆ కారుకు విడిభాగాలు సులభంగా దొరుకుతాయి. దాని లోగుట్టు తెలిసిన మెకానిక్కు ప్రతి పేటలోను ఉన్నాడు. 796 ఘన సెంటీమీటర్ల, మూడు సిలిండర్ల చిన్న ఇంజను. కార్బురేటరు ఉన్న పాత నమూనా అయితే గాలి, ఇంధనం కలిసే తీరును విప్పి చూడవచ్చును. 2000 తరువాత వచ్చిన ఇంజెక్షను నమూనాను రెండవ పాఠంగా చేపట్టవచ్చును.

కొనే ముందు కారును పగటి వెలుగులో, ఇంజను చల్లగా ఉన్నపుడు చూడాలి. సముద్రపు గాలికి, వర్షాకాలపు తేమకు ఇక్కడి బండ్ల అడుగురేకు త్వరగా తుప్పుపడుతుంది. కాళ్ల కింది చాపను ఎత్తి చూడాలి. ఆయిలు కొలిచే పుల్లపై పాలు కలిసిన రంగు కనిపిస్తే ఇంజనులోకి నీరు చేరిందని అనుమానించాలి. నీలిపొగ ఆయిలు కాలుతున్నదనుటకు, నల్లపొగ పెట్రోలు ఎక్కువగా పోతున్నదనుటకు సూచన. ఛాసిస్, ఇంజను సంఖ్యలు రిజిస్ట్రేషను పత్రంతో సరిపోవాలి. బదిలీకి 29, 30 సంఖ్యల ఫారాలు, వేరే రాష్ట్రపు బండి అయితే 28వ ఫారం కూడా అవసరం. పదునైదేళ్లు దాటిన సొంత కారుకు రిజిస్ట్రేషను పునరుద్ధరించాలి. 2022 నుండి ఆ రుసుము బాగా పెరిగినది. ఆ ఖర్చును కారు వెలలో కలిపి లెక్కించుకోవాలి.

ఇక పనిముట్లు. పెద్ద పెట్టె నిండా ఒకేసారి కొనడం వృథా. 8, 10, 12, 14, 17, 19 మిల్లీమీటర్ల రింగు పానాలు, అవే కొలతల గోటీలు, రెండు రకాల పేచ్‌కస్‌లు, ఒక పక్కడు, ప్లగ్గు పానా, ఫీలర్ గేజి, ఒక మల్టీమీటరు – వీటితో ఏడాది పాఠం సాగుతుంది. మిగిలినవి పని అడిగినపుడు కొనవచ్చును. నాసిరకం పానా నట్టు మూలలను అరగదీస్తుంది. పది నాసి పానాలకన్న నాలుగు మంచివి మేలు. చోర్ బజారులో పాత పానాలు ఏరుకోవచ్చును గాని, జాకీని, స్టాండులను మాత్రం కొత్తవిగా, భారానికి తగినవిగా కొనాలి. జాకీ ఎత్తుటకే, నిలుపుటకు కాదు. చదునైన గట్టి నేలపై చక్రాలకు అడ్డు పెట్టి, కారు రెండు స్టాండులపై కుదురుకొన్న తరువాతనే ఎవరైనా దాని కిందికి పోవాలి. ఇందులో మినహాయింపు లేదు.

తొలి మాసాలలో ఆయిలు మార్చడం, గాలి వడపోతను, ప్లగ్గులను శుభ్రపరచడం చాలు. బ్రేకుల జోలికి గురువు పక్కన లేకుండా పోరాదు. అక్కడి పొరపాటుకు మూల్యం దారిన పోయే మరొకరు చెల్లిస్తారు. విప్పిన ప్రతి మరను చీటీ కట్టిన డబ్బాలో వేయాలి. ఏది ముందు విప్పినదీ, ఏది తరువాతదీ నోటుపుస్తకంలో తెలుగులోనే బొమ్మతో సహా వ్రాసుకోవాలి. తల్లిభాషలో తార్కికంగా వ్రాయగల అలవాటు ఈ పాఠశాల ఇచ్చిన ఆస్తి. అది గ్యారేజీలో కూడా అక్కరకు వస్తుంది.

ఈ పాత కారు శిక్షణాలయానికి బదులు కాదు. ఐ.టి.ఐ.లో మోటారు వాహన మెకానిక్ శిక్షణ రెండేళ్లది. అప్రెంటిస్‌గా చేరుటకు 1961 నాటి చట్టం దారి చూపుతున్నది. నేటి కార్లలో ఎలక్ట్రానిక్ భాగాలు పెరిగినందున ఆ చదువు తప్పనిసరి. అయినను బ్రేకు, బేరింగు, సస్పెన్షను అప్పుడూ ఇప్పుడూ ఉన్నవే. ఇంటివద్ద చేయి తిరిగినవాడు అక్కడ ముందంజలో ఉంటాడు. ఆడపిల్లలు కూడా ఈ విద్యకు అర్హులేనని తల్లిదండ్రులు గుర్తించాలి.

చివరగా ఒక విన్నపం. ఒకే గదిలో కాపురమున్న కుటుంబం కారును ఎక్కడ నిలుపుతుంది? వీధిలో విప్పరాదు. గ్యారేజీలు నడుపుతున్న పూర్వ విద్యార్థులు తమ చోటులో ఒక మూలను ఇచ్చి, కొందరు కలిసి ఒక పాత మారుతిని సమకూర్చి, ఆదివారాలలో ఇద్దరు ముగ్గురు పిల్లలను పక్కన నిలుపుకొంటే చాలు. కొత్త భవనానికి ఇచ్చిన విరాళానికి శిలాఫలకం ఉంటుంది. ఈ సాయానికి ఫలకం ఉండదు. కాని ఏదో ఒకనాడు నడిదారిలో ఆగిన బండిని నిలబెట్టి, మసి చేతులు తుడుచుకొంటూ ఆ పిల్లవాడు ఇంటికి తెచ్చే తొలి సంపాదనను చూచి, చిన్నబోయిన ఆ తల్లి ముఖమే విప్పారుతుంది.

శుభమస్తు.