మనోవ్యాధికి మందుంది



“మనోవ్యాధికి మందు లేదు” అని మన పెద్దవాళ్లు అంటూ ఉండేవారు. ఆ మాట నమ్మి నేను ఏడు నెలలు ఊరుకున్నాను. అందుకే ఈ నాలుగు మాటలు.

మూడేళ్ల క్రిందట మావారికి ఆఫీసులో పై అధికారితో మాట పట్టింపు వచ్చింది. ఆనాటినుంచీ మనిషే మారిపోయారు. కూరలో ఉప్పు తక్కువైతే కంచం తోసేసేవారు. తెల్లవారుజామున మూడింటికే లేచి వరండాలో కూర్చునేవారు. స్నేహితులొస్తే “లేనని చెప్పు” అనేవారు. నేను కోపమనుకున్నాను, మా అత్తగారు గ్రహచారమన్నారు. జబ్బని ఎవరికీ తోచలేదు.

మనకు దిగులొస్తే ఏడుస్తాం. మగవారిలో చాలామందికి అదే దిగులు కోపంగానో, మౌనంగానో, తాగుడుగానో బయటపడుతుంది. 2021లో మన దేశంలో ఆత్మహత్య చేసుకున్న 1,64,033 మందిలో 1,18,979 మంది మగవారేనని ప్రభుత్వపు లెక్క. చూశారా, ఊరుకోవడం ఎంత ప్రమాదమో!

“మీకు మనసు బాగాలేదు” అంటే మావారు ఇల్లు కదిలేవారు కాదు. “ఏమండీ, నిద్ర పట్టడం లేదు కదా, ఒకసారి చూపించుకుందాం” అన్నాను. మా డాక్టరుగారు థైరాయిడ్, షుగర్ పరీక్షలు చేయించి, మానసిక వైద్యుని దగ్గరకు పంపారు.

చికిత్స రెండు విధాలు. ఒకటి మాటలతో చేసేది. కాగ్నిటివ్ బిహేవియర్ థెరపీ అంటారు. “నేనెందుకూ పనికిరాను” లాంటి ఆలోచనను పట్టుకుని, అది ఎంతవరకు నిజమో మనిషి చేతనే తర్కింపజేస్తారు. జబ్బు కొద్దిగా ఉంటే ఇదొక్కటే చాలవచ్చు. ముదిరితే మందులు కూడా కావాలి. సెర్ట్రలిన్, ఎస్సిటాలోప్రామ్ వంటివి ఎక్కువగా ఇస్తారు. ఇవి తలనొప్పి మాత్రలా వెంటనే పనిచేయవు. గుణం కనిపించడానికి రెండు నుంచి నాలుగు వారాలు పడుతుంది. మొదట్లో కాస్త వికారం ఉండవచ్చు.

ఇక్కడే మేం పొరపాటు చేశాం. రెండో నెలలో హాయిగా ఉందని మావారు మాత్రలు మానేశారు, నేనూ సరేనన్నాను. తల తిరుగుడు, చిరాకు పట్టుకున్నాయి. నెల తిరక్కుండా మళ్లీ వరండాలోకే చేరారు! నయమయ్యాక కూడా కనీసం ఆరు నెలలు వాడాలనీ, డాక్టరు చెప్పినట్లు కొంచెం కొంచెంగా తగ్గించాలనీ అప్పుడు తెలిసింది.

ఇంకో సంగతి. ఈ మందులవల్ల కొందరికి దాంపత్యంలో ఆసక్తి తగ్గుతుంది. సిగ్గుపడి ఆ మాట చెప్పరు, మందు మానేస్తారు. చెబితే డాక్టరు మోతాదైనా మారుస్తారు, మందైనా మారుస్తారు.

“నేను లేకపోతే మీరే సుఖపడతారు” అని ఇంట్లో మగమనిషి ఎప్పుడైనా అంటే తేలికగా తీసుకోకండి. “చచ్చిపోవాలనిపిస్తోందా?” అని సూటిగా అడగండి. అడిగినంత మాత్రాన లేని ఆలోచన పుట్టదు. ఒంటరిగా వదలకండి, వెంటనే ఆసుపత్రికి తీసుకువెళ్లండి. సలహాకు 2022లో ప్రభుత్వం పెట్టిన టెలి మానస్ ఉంది. నంబరు 14416. రాత్రీ పగలూ, ఉచితంగా, తెలుగులోనే మాట్లాడతారు.

ఇప్పుడు మా ఇంట్లో కూరలో ఉప్పు తక్కువైతే, మావారే లేచి ఉప్పు డబ్బా తెచ్చుకుంటున్నారు.